అడవి బాటకు తగిన చెప్పు

ఆదివారము ఆరాధన జరుగుచుండగా ఎప్పుడైనా మందిరపు గుమ్మము బయటికి వచ్చి, అక్కడ విడిచిన చెప్పులను చూశారా? మేము చూశాము. అది భద్రాచలము అడవి అంచున ఉన్న ఒక గూడెము. తాటాకు కప్పిన చిన్న మందిరము. గుమ్మము ముందు ముప్పది, నలుబది జతలు ఉంటాయి. కొన్నిటికి రెండు పట్టీలు రెండు రంగులవి. కొన్నిటికి తెగిన పట్టీని పిన్నీసు పెట్టి నిలిపారు. కొన్ని మడమ దగ్గర అరిగి అరిగి, నేల కనబడేటంత రంధ్రము పడినవి. పిల్లల చెప్పులు బహు తక్కువ. పిల్లలు చాలమంది వట్టి కాళ్లతోనే వచ్చారు. లోపల పాటలు పాడుచున్న వీరందరు రేపు తెల్లవారుజామున ఈ చెప్పులతోనే అడవిలోనికి పోవాలి గదా అన్న తలంపు ఆ రోజు మాకు రాలేదు. తరువాత వచ్చింది. ఎట్లు వచ్చిందో చెప్పుటకే ఈ వ్యాసము.

మేము చేసిన పొరపాటు

2018 డిసెంబరులో ఆ గూడెమునకు క్రిస్మస్ కానుకలు తీసికొని వెళ్లాలని మా సంఘములోని స్త్రీలు, యౌవనస్థులు కలిసి తీర్మానించుకున్నాము. ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అక్కడ ఎక్కువ. దుప్పట్లు కొన్నాము. చెప్పులు కొనుటకు డబ్బు చాలలేదు. అందుచేత ఇండ్లలో ఉన్న పాత చెప్పులు తెచ్చి ఇవ్వండని సంఘములో ప్రకటన చేశాము. రెండు గోనె సంచులు నిండినవి. కడిగి, తుడిచి, జతలు జతలుగా దారముతో కట్టాము. ట్రాక్టరు పోయినంత దూరము ట్రాక్టరు మీద, మిగిలిన దారి నెత్తిన పెట్టుకొని తీసికొని వెళ్లి పంచిపెట్టాము. ఫోటోలు తీసికొన్నాము. సంతోషముగా ఇంటికి వచ్చాము.

మరల 2019 మే నెలలో వెళ్లాము. అది తునికాకు కాలము. గూడెములో పెద్దలెవరు ఉండరనుకున్నాము. అయితే ఒక గుడిసె ముందు ఒక సహోదరి నులక మంచము మీద కూర్చుండి ఉన్నది. కుడి కాలికి పెద్ద కట్టు. విషయము అడుగగా చెప్పినది. మంచి ఆకు చిగురించుట కొరకు తునికి పొదలను ఫిబ్రవరి, మార్చి నెలలలో నేలమట్టముగా నరుకుతారు. నరికిన మోడు దబ్బనమువలె నిలిచి ఉంటుంది. అటువంటి మోడు మీద ఆమె కాలు పడినది. చెప్పును చీల్చుకొని అరికాలిలోనికి దిగినది. చీము పట్టినది. పట్టణములో ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతము రాకుండ ఇంజక్షను వేయించుకొని, పుండు కోయించుకొని వచ్చింది. ప్రాణము దక్కినది గాని ఆ ఏడాది ఆకు పోయినది.

ఆకు పోవుట అంటే ఏమిటో అడవి అంచు కుటుంబములకు చెప్పనక్కరలేదు. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారకముందే బయలుదేరి కోసి తెచ్చి, కట్టలు కట్టి, సాయంత్రము కల్లములో అప్పగించాలి. ఎండాకాలములో ఆ కొద్ది వారములే. వానాకాలపు విత్తనములు, పిల్లల బట్టలు, పాత అప్పు, అన్నీ ఆ డబ్బు మీదనే.

ఆ చెప్పు ఏదని అడిగాము. ఆమె చూరులో నుండి తీయించి చూపినది. నీలి పట్టీల హవాయి చెప్పు. మడమ కింద అరిగి కాగితమువలె ఉన్నది. మేము ఇచ్చినదే. మా దారము ముడి ఇంకా దాని పట్టీకి ఉన్నది.

మాతో వచ్చిన పాస్టరమ్మగారు కన్నీళ్లు పెట్టుకొనగా ఆ సహోదరియే ఓదార్చినది. "మీ తప్పేముందమ్మగారూ. వట్టి కాళ్లతోటి పోయినన్నాళ్లు కిందికి చూసుకుంట నడిచేదాన్ని. కాలికి చెప్పులున్నయి గదా అని ఈసారి చూడలే" అన్నది.

ఆ మాట మమ్మును విడువలేదు. చెప్పు లేని కాలు భయముతో నడుస్తుంది. చెప్పు ఉన్న కాలు నమ్మికతో నడుస్తుంది. కాబట్టి నమ్మదగని చెప్పు వట్టి కాలికంటె అపాయము. అడవి బాటకు చెప్పు ఎన్నుకొనుటలో మొదట జ్ఞాపకముంచుకోవలసినది ఇదే.

ఈ బాటలు ఎటువంటివి

1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి నుండి వచ్చి దీనిలో కలిసినది. 2014లో కూనవరము, చింతూరు మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. 2022లో చింతూరు వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. జిల్లాల పేర్లు ఇన్నిసార్లు మారినా కాలిబాటలు మారలేదు. చర్ల దగ్గర తాలిపేరు, పాల్వంచ దగ్గర కిన్నెరసాని, కూనవరము దగ్గర గోదావరిలో కలిసే శబరి, వీటి ఒడ్డున ఉన్న గూడెములలో కొన్నిటికి ఈనాటికిని నడకే దారి.

ఈ నడక మన సంఘములకు క్రొత్త కాదు. గోదావరి మీద పడవల మార్గము కొరకు దుమ్ముగూడెము వద్ద పనులు జరిగిన రోజులలో, 1860 దశకములో, హేగ్ దొరగారను ఇంజనీరు ప్రోత్సాహముతో అక్కడ కోయ జనుల మధ్య సేవ ఆరంభమైనది. ఆనాడు పడవ దిగిన తరువాత మిగిలిన దారి కాళ్ల మీదనే. ఇప్పుడు ఆ దారులను ఎక్కువగా నడిచేవారు ఆశా కార్యకర్తలు, బడికి పోయే పిల్లలు, ఇప్పపువ్వుకు, తునికాకుకు, వెదురుకు పోయే స్త్రీ పురుషులు, అక్కడక్కడ మన సువార్తికులు.

ఈ బాట మీద పాదమునకు ఎదురయ్యేవి అయిదు. మొదటిది ముల్లు, మోడు. రేగు ముల్లు, తుమ్మ ముల్లు, నరికిన వెదురు కొయ్య, తునికి మోడు. రెండవది రాయి. గుట్ట దిగునప్పుడు గులకరాళ్లు జారుతాయి, చీలమండ మెలిపడుతుంది. మూడవది నీరు. వాగులోని నాచు పట్టిన బండ మీద నున్నని చెప్పు నిలువదు. నాలుగవది పాము, తేలు. అయిదవది కంటికి కనబడని కొంకిపురుగు. బయట మలవిసర్జన జరిగే చోట తడి మట్టిలో దీని పిల్లపురుగులు ఉంటాయి. అవి వట్టి పాదపు చర్మమును తొలుచుకొని లోపలికి పోయి, పేగులకు చేరి, అక్కడ రక్తము పీల్చుకుంటాయి. పాలిపోయిన పిల్లలు, ఆయాసపడే గర్భిణీ స్త్రీలు మన గూడెములలో ఉండుటకు ఇది ఒక కారణము. 2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో నులిపురుగుల మాత్రలు ఇస్తున్నారు, మంచిదే. కాని చెప్పు, మరుగుదొడ్డి లేకపోతే పురుగు మరల వస్తుంది.

ఏ చెప్పు ఏ పనికి

హవాయి చెప్పులు: ఇంటి ముంగిటికి, బావి వద్దకు, మరుగుదొడ్డికి ఇవి మంచివి. చవక, త్వరగా ఆరుతాయి. అడవికి మాత్రము పనికిరావు. మెత్తని స్పాంజిలో ముల్లు సులువుగా దిగుతుంది. మడమకు పట్టీ లేదు గనుక దిగుడులో పాదము ముందుకు జారుతుంది. బురదలో చెప్పు ఊడిపోతుంది. ఊడిపోకుండ వ్రేళ్లతో బిగబట్టి నడుచుట వలన పిక్కలు నొప్పి పుడతాయి.

టైరు చెప్పులు: పాత టైరును కోసి కుట్టిన చెప్పులను పట్టణమువారు చిన్నచూపు చూస్తారు. కాని ముల్లును ఆపుటలో దీనికి సాటి తక్కువ. కొన్ని సంవత్సరములు వస్తుంది. బరువు ఎక్కువ, తడి బండ మీద టైరు గీతలు అరిగి ఉంటే జారుతుంది. కొనేవారు లోపలి మేకులు పైకి పొడుచుకొని వచ్చినవేమో వ్రేలితో తడిమి చూడాలి. మడమ పట్టీ వేయించుకోవాలి.

పట్టీల శాండిల్స్: వ్రేళ్ల మీద ఒకటి, మడమ వెనుక ఒకటి పట్టీ ఉండి, కింద లోతైన గాడులున్న రబ్బరు సోలు గలవి. వాగులు ఎక్కువగా దాటవలసిన దారికి ఇవి అనుకూలము. నీరు నిలువదు. ముందు వైపు మూసి ఉన్న రకము దొరికితే వ్రేళ్లకు రాళ్లు తగలవు.

కాన్వాస్ బూట్లు: తేలిక, చవక, త్వరగా ఆరుతాయి. బడి పిల్లలకు, దినమంతా నడిచేవారికి మంచివి. సోలు పలుచనిదైతే లోపల మందపాటి అట్టను వేసికోవచ్చును.

చీలమండను కప్పే బూట్లు: గుట్టలెక్కేవారికి, బరువు మోసేవారికి, ఆకు కోసేవారికి ఇవి శ్రేష్ఠము. చీలమండ మెలిపడుట తగ్గుతుంది. పాము కోరకు చర్మము చిక్కుట తగ్గుతుంది. ధర ఎక్కువ.

గమ్ బూట్లు: వరి పొలములో, వానాకాలపు గడ్డిలో పాము నుండి మంచి కాపుదల. కాని దూరపు నడకకు వేడి, చెమట. లోతు వాగులో వీటితో దిగరాదు. నీరు నిండితే కాలు ఎత్తనియ్యవు.

అంగడిలో చూడవలసినవి

మన ఇండ్లలో ఒక అలవాటు ఉన్నది. తండ్రి సంతకు వెళ్లి, తల్లికి, పిల్లలకు అందాజుగా చెప్పులు తెస్తాడు. పెద్దవైతే పిల్లలు ఎదుగుతారులే అంటాము, చిన్నవైతే సాగుతాయిలే అంటాము. పెద్ద చెప్పు పిల్లవానిని పడవేస్తుంది. చిన్న చెప్పు గోరును ఊడదీస్తుంది. ఎవరి చెప్పుకు వారు రావాలి. రాలేకపోతే, ఒక పాత వార్తాపత్రిక మీద ఆ మనిషిని నిలువబెట్టి, రెండు పాదముల చుట్టు పెన్సిలుతో గీసి, ఆ కాగితము తీసికొని వెళ్లండి. రెండు పాదములు సమానముగా ఉండవు గనుక పెద్ద పాదమునకు తగినది కొనాలి.

సాయంకాలము కొనుట మంచిది. దినమంతా నడిచిన పాదము కొంచెము ఉబ్బి ఉంటుంది. ఉదయము సరిపోయిన బూటు సాయంత్రము బిగుతు కావచ్చును. మేజోళ్లు తొడుగుకొని నడిచేవారు ఆ మేజోళ్లతోనే తొడిగి చూడాలి.

నిలువబడి చూడండి. పొడుగైన వ్రేలికిని బూటు కొసకును మధ్య ఒక బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండాలి. గుట్ట దిగునప్పుడు వ్రేళ్లు ముందుకు తోసుకొని వచ్చి కొసకు కొట్టుకోకుండుటకు ఈ ఖాళీ. వ్రేళ్లు విప్పారుటకు చోటుండాలి. మడమ మాత్రము లేవరాదు. అంగడి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. దుకాణదారుడు విసుగుకొన్నా ఫరవాలేదు; నడిచేది మీ కాలు.

తిరగవేసి చూడండి. సోలు కింద గాడులు లోతుగా ఉన్నవా? బొటనవ్రేలితో గట్టిగా నొక్కండి. అట్టే లోపలికి పోతే ముల్లు కూడ పోతుంది. రెండు చేతులతో వంచండి. వ్రేళ్లు వంగే చోట వంగాలి గాని నడుమ విరిగినట్లు వంగరాదు. నున్నని ప్లాస్టిక్ సోలుకంటె రబ్బరు సోలు తడి రాతిని బాగుగా పట్టుకుంటుంది. పట్టీలు అతికినవా, కుట్టినవా చూడండి. అతికినవైతే తడవకముందే చెప్పులు కుట్టేవారి దగ్గర చుట్టు కుట్టించుకోవాలి.

క్రొత్త బూట్లతో దూర ప్రయాణము చేయకూడదు. వారము పదిరోజులు ఊరిలోనే తొడిగి మెత్తబడనివ్వాలి. మా యౌవనస్థుడొకడు కొన్ననాడే తెల్లని బూట్లతో మాతో వచ్చి, సగము దారిలో మడమలు బొబ్బలెక్కి, బూట్లను మెడలో వేసుకొని వట్టి కాళ్లతో ఇల్లు చేరాడు. కాలు ఒరుసుకొన్నట్లు అనిపించిన వెంటనే ఆగి, మెత్తని గుడ్డో ప్లాస్టరో వేసికోవాలి. బొబ్బ వచ్చిన తరువాత దానిని చిదమకూడదు. నూలు మేజోళ్లు తడిస్తే చర్మమును ఒరిపిస్తాయి గనుక ఆరినవి మరొక జత సంచిలో ఉంచుకోండి.

తడిసిన బూట్లను పొయ్యి దగ్గర పెట్టరాదు. తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. లోపల వార్తాపత్రిక ముద్దలు కూరి నీడన ఆరబెట్టండి. ఉదయము తొడుగుకొనేముందు తిరగవేసి దులపండి. తేలు, జెర్రి అందులో దాగుట మనకు తెలిసినదే.

పాము విషయములో

2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటు వలన దాదాపు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. ఎక్కువమంది గ్రామీణులు. సగము మరణములు జూన్ నుండి సెప్టెంబరు వరకు వానల నెలలలోనే. మరణములు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో మన తెలుగు ప్రాంతము కూడ ఉన్నది. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించాలని 2024లో కేంద్ర ప్రభుత్వము ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించినది.

కాటు ఎక్కువగా పడేది పాదము మీద, చీలమండ దగ్గర, పిక్క మీద. నాగుపాము గాని, రక్తపింజర గాని, చిన్నపింజర గాని మనము తొక్కితేనో, దగ్గర కాలు పెడితేనో కరుస్తుంది. కనుక మూసి ఉన్న బూట్లు, చేతిలో కర్ర, చీకటిలో టార్చిలైటు, ఈ మూడు ఉంటే అపాయము చాల తగ్గుతుంది. ఇంటిలో నేల మీద నిద్రించేవారిని రాత్రి కరిచే కట్లపాముకు మాత్రము బూటు పనిచేయదు. మంచము, దోమతెర కావాలి.

కాటు పడితే తాడు బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. వాపు రాకముందే చెప్పు, మెట్టెలు, పట్టీలు తీసివేయాలి. కాలు కదలకుండ కర్ర బద్ద పెట్టి కట్టి, ఆ మనిషిని నడిపించక మోసికొని, 108 కు చెప్పి, విషమునకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ప్రార్థించండి, కాని ప్రార్థిస్తూనే బయలుదేరండి.

నొప్పి తెలియని పాదము

కుష్ఠు వ్యాధి సోకినవారికి, చాలకాలముగా చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదములలో స్పర్శ పోవచ్చును. ముల్లు దిగినా తెలియదు. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో మిషనరీ తలిదండ్రులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు వెల్లూరులో పనిచేయుచు దీనిని లోకమునకు తెలియజేశారు. కుష్ఠు రోగుల వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియనందున గాయములు పెరిగి ఆ దశకు వస్తున్నవనియు ఆయన చూపించారు. అందుకొరకే లోపల మెత్తని రబ్బరు, కింద గట్టి సోలు, మడమ పట్టీ, మేకులు లేని చెప్పులు వచ్చినవి. వాటినే ఎం.సి.ఆర్. చెప్పులంటారు. స్పర్శ లేని పాదముల కుష్ఠు రోగులకు ప్రభుత్వ కార్యక్రమములో వీటిని ఉచితముగా ఇస్తారు. మీ గూడెములో అటువంటివారు ఉంటే ఆశా కార్యకర్తతో చెప్పండి. వారు రోజు రాత్రి దీపము దగ్గర అరికాళ్లు చూచుకోవాలి. చూపు ఆననివారికి ఇంటివారు చూడాలి. బొటనవ్రేలి సందులో పట్టీ దూరే చెప్పు వారికి వద్దు.

కానుక ఇచ్చేవారికి ఒక మాట

అరణ్యములో నలుబది సంవత్సరములు నడిచిన జనుల చెప్పులు పాతగిలలేదని ద్వితీయోపదేశకాండములో చదువుతాము. ప్రభువు తన శిష్యులను పంపినప్పుడు సంచి వద్దు, రొట్టె వద్దు అన్నాడు గాని చెప్పులు తొడుగుకొననిచ్చాడని మార్కు సువార్తలో ఉన్నది. నడిచేవాని పాదము దేవుని దృష్టిలో చిన్న విషయము కాదు. మనకు పనికిరానిదానిని బీదవానికి పనికివస్తుందని ఎంచుటలో మేము తప్పినాము.

2019 క్రిస్మస్‌కు మరల ఆ గూడెమునకు వెళ్లాలని తీర్మానించుకొని, ముందుగా నవంబరులోనే వెళ్లాము. చెప్పులు తీసికొని కాదు, వార్తాపత్రికలు, పెన్సిళ్లు తీసికొని. ఇంటింటికి వెళ్లి పాదములు గీసికొన్నాము. పిల్లలు కితకితలకు నవ్వారు. ఒక ముసలి తాత, "నా కాలును ఇంతవరకు ఎవరు కొలవలేదు" అన్నాడు. డబ్బు తక్కువే. అందరికి ఇవ్వలేకపోయాము. అడవికి పోయేవారికి మొదట అని గూడెము పెద్దలే నిర్ణయించి పేర్లు చెప్పారు. ఇరువది రెండు జతలు, క్రొత్తవి, పట్టీలవి, కుట్టించినవి తీసికొని వెళ్లాము. గోనె సంచులు లేవు, ఒక్క అట్టపెట్టె.

కాలికి కట్టు కట్టుకొనిన ఆ సహోదరికి కూడ ఒక జత వచ్చింది. ఆమె వెంటనే తొడుగుకొనలేదు. తిరగవేసి చూచినది. బొటనవ్రేలితో సోలును నొక్కినది. రెండు చేతులతో వంచినది. మేమందరము ఊపిరి బిగబట్టి నిలుచున్నాము. తరువాత మా వైపు చూచి, "ఇది ఆపుతది" అన్నది.

ప్రియులారా, వచ్చే ఆదివారము మందిరమునకు వెళ్లినప్పుడు, లోపలికి పోకముందు మీ చెప్పులను, మీ పిల్లల చెప్పులను ఒక్కసారి తిరగవేసి చూడండి.